మూడో రింగు

ఆ రోజు ఒకే పందిని మూడుసార్లు చంపారు.

అది అంతకుముందు సాయంత్రం వేరుశెనగ చేలో చచ్చిపడిన మగపంది. దాని కాళ్ళను ఇనుప తీగకు కట్టి, రాళ్ళగుట్ట కింద ఉన్న పరీక్షా మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతున్నారు. దాని తలకు ఎర్ర తువాల చుట్టి, దవడ కింద ముడి వేసి ఉంది. ఇసుక మూటల వెనక బోర్లా పడుకుని ఓబులేసు కాలుస్తున్నాడు. గుండు తగిలినప్పుడల్లా తోలు అదిరి, నల్లబడిన నెత్తురు వెనకనున్న సున్నపు గోడ మీద చిమ్ముతోంది.

రైఫిల్ ఒకటే. సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు పోతుంది, నడుమ మళ్ళీ నింపుకునే పని లేదు. మారుస్తున్నదల్లా కంటి దగ్గరుండే రింగునే. ఆ రింగు చిల్లిలోంచి చూస్తే గొట్టం కొసన ముల్లు కనిపిస్తుంది. కన్ను తనంతట తానే ఆ ముల్లును చిల్లి నడుమకు తెచ్చుకుంటుంది. ఇక ముల్లు మీద జంతువును నిలిపి నొక్కడమే.

మొదటి ఉక్కు రింగుకు పెద్ద చిల్లి. చూపు ఇట్టే దొరికింది కానీ గుండ్లు చెదిరాయి. పంది పొట్ట చీలి పేగులు వేలాడాయి, గుండెకు ఒక్కటీ తగల్లేదు. రెండో ఉక్కు రింగుకు సూది బెజ్జమంత చిల్లి. అందులోంచి పంది వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. గుండ్లన్నీ ఒకేచోట పడి, ముందుకాలి వెనక పిడికిలి పట్టేంత గొయ్యి చేశాయి. కానీ ఎండ మీదికి మబ్బు రాగానే ఓబులేసు తల పైకెత్తి కూతురు హైమ వైపు చూశాడు.

"చీకటి పాపా. బాయిలోకి తొంగి చూసినట్టుండాది. పందులు మిట్టమధ్యాన్నం రావు గదా."

గొడుగు కింద కుర్చీలో కూర్చున్న పరాంకుశం చేయి ఊపాడు. సైన్యంలో పని చేసి వచ్చినవాడు. ఏ రింగు తీసుకోవాలో తేల్చే కమిటీకి ఆయనే పెద్ద. "మూడోది పెట్టండమ్మా," అన్నాడు.

హైమ మంచు పెట్టె మూత తీసింది. మూడో రింగులో ఉక్కు అంచు మాత్రమే ఉక్కు. లోపల గోధుమ రంగు కండ, నడుమ నల్లటి చిల్లి. ఎండ తగలగానే ఆ చిల్లి ముడుచుకుంది.

ఓబులేసుకు కుడికన్ను లేదు. రెండేళ్ళ కిందట వేటలో పందులను తోలేవాళ్ళ ముందు నుంచి తప్పించుకున్న పంది కోరతో అతని ముఖాన్ని చీరేసింది. ఆసుపత్రిలో ఆ కన్ను తీసేస్తుంటే, ప్రయోగశాలలో పనిచేసే కూతురు అది తనకు కావాలని అడిగింది. కంటిపాప చుట్టూ ఉండే ఆ చిన్న కండను గాజు పళ్ళెంలో పెంచింది. దాని అంచున వెలుగును పట్టే కణాలను అతికించింది. పంది కనపడి చిల్లి విప్పారినప్పుడు సన్నటి గొట్టంలోంచి ఒక తీపి చుక్క. దూడ కనపడితే లేదు, మనిషి కనపడితే లేదు. కొన్నాళ్ళకు ఆ కండకు పంది అంటే ఏమిటో తెలిసిపోయింది.

ఆమె ఇదంతా మొదలుపెట్టింది పక్క ఊళ్ళో జరిగినది చూసి. చీకటి పడే వేళ చేలో వంగి కలుపు తీస్తున్న ముసలామెను పంది అనుకుని కాల్చారు. ఆ తలలో ఎంత భాగం మిగిలిందో హైమ కళ్ళారా చూసింది. మసకలో మనిషి కన్ను తడబడితే, తడబడని కన్ను ఒకటి తుపాకి మీద ఉండాలి. అంతే ఆమె అనుకున్నది.

"మా నాయనకు ఒక కన్ను ఇంట్లో, ఇంకో కన్ను అక్క ఆఫీసులో," అన్నాడు తీగ లాగుతున్న మద్దిలేటి. ఆమె తమ్ముడు. "మేం యాడ తాగినా తెలిసిపోతాది."

"తెలీక కాదు లేరా, చెప్పుకోలేక," అని ఓబులేసు ఎడమ భుజానికి రైఫిల్ ఆనించాడు.

తువాల చుట్టిన తల మైదానంలోకి ఊగుతూ వచ్చింది. రింగు విప్పారింది. ఓబులేసు వేలు ఆగకుండా ఆడింది. ఒకటి చెవిలో, మిగిలినవన్నీ దాని వెంటే. పుర్రె పగిలి, ముక్కలు తువాలలోనే మూటగా ఉండిపోయాయి.

పరాంకుశం కుర్చీలోంచి లేచాడు. "చచ్చినదాన్ని ఎవరైనా కొడతారు. చేలో చూపించండి," అన్నాడు. కానీ ఆయన చూపు రింగు మీదే ఉంది.

*

ఓబులేసు ఊరు గుట్లవారిపల్లెలో వేట పాత పద్ధతిలోనే జరుగుతుంది. తోలేవాళ్ళు గుట్ట మీంచి డబ్బాలు కొడుతూ దిగుతారు. పందులు చేలోంచి బయటికి దూకే సందు దగ్గర ఓబులేసు ఉంటాడు. ఊరి తుపాకి ఒంటి గొట్టంది. ఒక గుండు వేస్తే మళ్ళీ మందు కూరి నింపాలి. అందుకే మోత వినపడగానే అందరూ పరుగెత్తుతారు. మోత వినపడిందంటే తుపాకి ఖాళీ. ముందు చేరినవాడు తన తువాలతో పంది ముఖం కప్పాలి. తనను ఎవరు తినబోతున్నారో చచ్చినది చూడకూడదు. ముఖం కప్పేదాకా ఎవరూ నోట్లో ఏమీ వేసుకోరు, బీడీ కూడా ముట్టించరు.

మద్దిలేటిది మంచి పరుగు. ఎప్పుడూ అతనిదే తువాల.

మూడో రింగుతో మొదటి వేట రోజు హైమ తండ్రి వెనకే బండ చాటున కూర్చుంది. సందులోంచి పంది దూకింది. రెండు మోతలు. పంది ముందుకాళ్ళ మీద కూలి, మూతితో మట్టి దున్నుకుంటూ వచ్చి ఆగింది. ముక్కులోంచి నెత్తురు బుడగలు వస్తున్నాయి. హైమ తండ్రి బొటనవేలి వైపు చూసింది. తీపి చుక్క పడాలంటే తుపాకి పిడి పక్కన ఉన్న మీట నొక్కాలి. అతను నొక్కలేదు.

"నాయనా, పడగానే నొక్కమన్నా గదా."

"ఉండు పాపా."

మద్దిలేటి ఎగురుకుంటూ వచ్చి, ఇంకా కొట్టుకుంటున్న ముఖం మీద తువాల పరిచాడు. అప్పుడు ఓబులేసు రింగును అటే తిప్పి పట్టి, మీట నొక్కాడు.

"దాని కండ్లు మూయకుండానే ఎట్ల తింటాది? నువ్వు తింటావా?"

"అది తినడం కాదు నాయనా."

"నా కన్నే గదా. నా ఇంట్లో పెరిగినదే. నేను తినను, అదీ తినదు."

హైమ నవ్వింది. చుక్క కొంచెం ముందు పడినా వెనక పడినా తేడా ఏముంటుందనుకుంది. ఆ ముచ్చట ఆ రాత్రి తల్లి లింగమ్మకు కూడా చెప్పింది. "వాళ్ళ వంశమే అంత," అంది లింగమ్మ కూర కలుపుతూ.

తర్వాత వేటలన్నీ అలాగే సాగాయి. ఓబులేసు గురి ఊరంతా మాట్లాడుకునేలా అయింది. సందులోంచి దూడ వస్తే రింగు ముడుచుకునేది. కుక్క వస్తే ముడుచుకునేది. పంది వస్తే తెరుచుకునేది. అతను ఆలోచించడం మానేశాడు. "తెరుచుకుంటే పంది. ముడుచుకుంటే కాదు. ఇంక నేనెందుకు, ఒక వేలుంటే సాలు," అనేవాడు. ఒకసారి ఇంకో మాట కూడా అన్నాడు. "పంది వచ్చేటప్పుడు కొంచెమే తెరుచుకుంటాది పాపా. పడినాక సూడు, ఇంత వెడల్పు. ఆశపోతుది."

ప్రయోగశాలలో హైమ దాన్ని మళ్ళీ పరీక్షించింది. తెర మీద దూడ బొమ్మ వేసింది, మనిషి బొమ్మ వేసింది. ముడుచుకుంది. పంది బొమ్మలు వేసింది. తెరుచుకుంది. పంది బొమ్మలన్నీ ఆమె ఊళ్ళో వేట తర్వాత తీసినవే. పక్కకు పడిపోయిన పందులు, ముఖాల మీద తువాలలు. బొమ్మ వేసిన ప్రతిసారీ ఆమె పందినే చూసింది.

*

పరాంకుశం వచ్చిన సాయంత్రం గుట్ట మీద మబ్బు పట్టి, పొద్దు గుంకకముందే చేను మసకబారింది. ఆయన బండ వెనక హైమ పక్కనే కూర్చున్నాడు. డబ్బాల మోత కిందికి దిగుతోంది. మధ్యలో మద్దిలేటి కేక వినపడింది. "నాయనా, మంద వస్తాంది. గున్నలు గూడా ఉండాయి."

వేరుశెనగ ఆకు విడిపోయింది. పెద్ద ఆడపంది తల వంచి నేరుగా బండ మీదికే వచ్చింది. రింగు తెరుచుకుంది. ఓబులేసు కొట్టాడు. దాని దవడ విరిగి వేలాడింది. అయినా ఆగలేదు. ఇంకోటి కొట్టాడు. అది గిర్రున తిరిగి, వెనక్కి పోయి, చేను గట్టు మీద కూలింది. దాని పక్క నుంచి గున్నపిల్లలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. వాటి మీదా కొట్టాడు. ఒకటి నడుము విరిగి, ముందుకాళ్ళతో పాకుతూ కీచుమని అరిచింది.

ఆ తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం.

తుపాకి ఖాళీ అయిన నిశ్శబ్దంలాగే ఉంది అది. గట్టు అవతల ఉన్న మద్దిలేటి పుట్టినప్పటి నుంచీ ఎరిగిన నిశ్శబ్దం.

గట్టు మీద ఏదో నల్లగా, పొట్టిగా వంగి కదిలింది. ఓబులేసు రింగు అటు తిప్పాడు. అది ఎన్నడూ లేనంతగా విప్పారింది. మసక చేను తెల్లవారినంత వెలుగ్గా కనిపించింది. ఆ వెలుగులో ముల్లు. ముల్లు మీద ఆ నలుపు. వేలు మూడుసార్లు ఆడింది.

మొదటి గుండు మద్దిలేటి గొంతులోంచి పోయింది. రెండోది తువాల చాపి పట్టుకున్న మణికట్టును తెంచింది. మూడోది అతని కింద ఉన్న పందికి తగిలింది. అతను కూలేటప్పుడు తువాల చేతుల్లోంచి జారి పంది ముఖం మీద పడింది, ఎప్పుడూ పడేచోటే.

ముఖం కప్పి ఉండడం చూసి ఓబులేసు బొటనవేలితో మీట నొక్కాడు.

అరుపులు ఆ తర్వాత మొదలయ్యాయి. హైమ గట్టు మీదికి చేరేసరికి తమ్ముడు తెగిన చేత్తో గొంతును మూసుకోవాలని చూస్తున్నాడు. చేతిలోంచీ గొంతులోంచీ నెత్తురు ఒకే లయలో కొడుతోంది. ఆమె రెండు అరచేతులూ గొంతు మీద అదిమింది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా వచ్చి మోచేతుల దాకా కారింది. మద్దిలేటి ఆమె వైపే చూశాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. నోట్లోంచీ నెత్తురే వచ్చింది.

కొట్టుకోవడం ఆగాక కూడా ఆమె చేతులు తియ్యలేదు. ఎవరో తువాల పట్టుకొచ్చి ఎవరి ముఖం కప్పాలో తెలియక నిలబడ్డారు.

ఓబులేసు రైఫిల్ గొట్టం నోట్లో పెట్టుకోబోతే తోలేవాళ్ళు లాక్కున్నారు. లాక్కున్నాక మిగిలిన కంట్లోకి వేళ్ళు పొడుచుకోబోయాడు. నలుగురు మీద పడి, మోకాళ్ళతో అదిమి, పగ్గాలతో మంచానికి కట్టేశారు. మట్టి పెట్టిన రోజు లింగమ్మ అందరి ముందూ కూతురి జుట్టు పట్టి నేలకు కొట్టింది. పిడికిళ్ళతో వీపు మీద, ముఖం మీద కొట్టింది. హైమ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"ఇంటాయన కన్ను తీసుకుంటివి. నా కొడుకును తీసుకుంటివి. ఇంగ దీన్ని గూడా ఎత్తకపో," అని నెత్తురు ఎండి అట్టకట్టిన ఎర్ర తువాలను ఆమె ముఖాన విసిరింది.

*

హైమ దాన్ని ప్రయోగశాలకు తీసుకుపోయింది. ఇంకెక్కడ పెట్టాలో తెలియక సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. బల్లకు బిగించిన రైఫిల్ మీద మూడో రింగు ఉంది. గదిలో వెలుతురు ఏమీ మారలేదు. రింగులో ఏదో కదిలినట్టయి ఆమె తిరిగి చూసింది.

నల్లటి చిల్లి అంచుల దాకా తెరుచుకుని ఉంది.

ఆమె తువాల తీసింది. ముడుచుకుంది. పెట్టింది. తెరుచుకుంది. అడవిలో బతికున్న పంది బొమ్మను వెతికి తెర మీద వేసింది. కొంచెం తెరుచుకుంది. దూడ బొమ్మ మీద తువాల వేలాడదీసింది. పూర్తిగా తెరుచుకుంది. గోడ మేకుకు తగిలించింది. పూర్తిగా తెరుచుకుంది. చివరికి తువాలను తన భుజాన వేసుకుని గొట్టం ఎదురుగా నిలబడింది. అది ఆమెను చూసి, ఇంతకంటే కావలసింది లేదన్నట్టు విప్పారింది.

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అది నేర్చుకున్నది పందిని కాదు. పంది కళ్ళు మూయనిదే నాయన దానికి తిండి పెట్టలేదు. తువాల వస్తే తిండి వస్తుంది. దానికి తెలిసిన లోకమంతా అంతే.

పరాంకుశం వస్తే ఇదే చెప్పింది. మేకుకు తువాల తగిలించి చూపించింది కూడా. "ఇది పనికిరాదండీ. ఉక్కు రింగుల్లోనే ఏదో ఒకటి తీసుకోండి," అంది.

ఆయన చాలాసేపు రింగునూ తువాలనూ మార్చి మార్చి చూశాడు.

"మీ తమ్ముడి విషయంలో నేను చెప్పగలిగిన మాట లేదమ్మా. నాకూ ఒక కొడుకు పోయాడు, సరిహద్దులో. కానీ ఇది తప్పు నేర్చుకుందంటున్నారు. నేర్చుకుంది కదా. కొన్ని వారాల్లో, ఎవరూ కావాలని నేర్పకుండానే. అదే మనం కావాలని నేర్పితే?"

"ఏం నేర్పుతారు?"

"ఒక టోపీ. ఒక జెండా రంగు. గుంపులో రాయి పట్టుకున్న చెయ్యి. కాల్చేవాడు తడబడకూడదు, అంతే. తడబడిన చోటే మనవాళ్ళు చస్తున్నారు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "పందుల కోసం ఉక్కు రింగు చాలు. నేను తీసుకునేది మూడోదే. రేపు పొద్దున బండి వస్తుంది. రింగూ, ఆ చల్లపెట్టెలో పెంచుతున్నవీ, అన్నీ."

"ఆ కన్ను మా నాయనది."

"ఇచ్చేశారు కదమ్మా," అన్నాడు ఆయన.

*

ఆ సాయంత్రమే ఓబులేసు వచ్చాడు. మణికట్ల మీద పగ్గం ఒరిసిన పుండ్లు. మిగిలిన కన్ను వాచి సగమే తెరుచుకుంటోంది. పొద్దున్నే కబురు పంపింది హైమే. కానీ అతను వస్తాడనుకోలేదు.

"యాడుండాది?" అన్నాడు.

ఆమె చూపించింది. జరిగినదంతా చెప్పింది, తువాల సంగతి, తిండి సంగతి. చెబుతున్నంతసేపూ అతను తల ఊపుతూనే ఉన్నాడు.

"అంటే నేనే నేర్పినా."

"నేను చూస్తూ నవ్వినా నాయనా."

తర్వాత హైమ లేచి చల్లపెట్టె తెరిచింది. గాజు పళ్ళేల్లో తండ్రి కన్ను చిన్న చిన్న గోధుమ రంగు ఉంగరాలుగా పెరుగుతోంది, వరసలు వరసలుగా. ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది, అది ఆమెకు తెలుసు. ఒక్కో పళ్ళెం తీసి, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో బోర్లించింది. పడిన ప్రతి ఉంగరం ఒక్కసారి బిగుసుకుని, తెల్లబడి, తేలింది. ఆవిరి ముఖానికి కొడుతోంది. వేళ్ళు కాలి బొబ్బలెక్కుతున్నా ఆఖరి పళ్ళెం దాకా ఆపలేదు.

రైఫిల్ మీదిది మిగిలింది. దాన్ని తీపి గొట్టంతో, మీటతో సహా ఊడదీసి బల్ల మీద పెట్టింది.

ఓబులేసు మేకు మీంచి తువాల తీశాడు. రెండు చేతులతో పరిచి పట్టుకుని, చచ్చినదాని దగ్గరికి వంగినట్టు వంగాడు. రింగు అతన్ని చూసింది. ఎర్రగుడ్డ దగ్గరికి వచ్చేకొద్దీ విప్పారుతూ పోయింది. కండ అంతా అంచుకు అంటుకుపోయి, చిల్లి తప్ప ఇంకేమీ మిగలనంతగా.

"ఆకలైనట్టుండాది," అన్నాడు.

తువాల కప్పాడు. బొటనవేలితో తడుముకుని మీట నొక్కాడు. గుడ్డ కింద ఆ చుక్క పడేదాకా ఆగాడు. తర్వాత బల్ల కింద ఉన్న సుత్తె తీసుకుని కొట్టాడు. గుడ్డ మీద పాత నెత్తురు పక్కన కొత్త తడి కమ్మింది. ఇంకా కొట్టాడు. ఉక్కు అంచు వంకర తిరిగి, బల్ల చెక్క చీలి, అతని కంట్లోంచి నీళ్ళూ ముక్కులోంచి నీళ్ళూ కారుతుంటే, మద్దిలేటి పేరు పిలుస్తూ కొట్టాడు. హైమ వెనక నుంచి పట్టుకునేదాకా ఆపలేదు.

బయట పూర్తిగా చీకటి పడకముందే హైమ పెద్ద చిల్లి ఉన్న ఉక్కు రింగును తీసి రైఫిల్‌కు బిగించింది. పొద్దున వచ్చే బండికి ఇవ్వడానికి ఇంకేమీ లేదు. తువాలను మళ్ళీ గోడ మేకుకు తగిలించింది.

"చూడు నాయనా."

అతను చూడనన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. అతను వంగి, వాచిన కన్నును రింగుకు ఆనించాడు.

"తువాల కనపడతాందా?"

"కనపడతాంది," అన్నాడు. కాసేపు అలాగే చూశాడు. "కనపడతాంది. అంతే."